తాబేలు పిల్లకు ఇంట్లో తొట్టి: ఒకే పెట్టెలో ఎండ, నీడ, తేమ ఎలా?

అరచేతిలో ఇమిడిపోయే తాబేలు పిల్లని ఇంటికి తెచ్చుకున్నవాళ్ళకి మొదటి వారంలోనే మూడు రకాల సలహాలు ఎదురవుతాయి. అమ్మిన దుకాణదారు "అక్వేరియం తొట్టిలో గులకరాళ్ళు పోసి పెట్టండి సార్, చాలు" అంటాడు. యూట్యూబ్‌లో ఇంగ్లండ్ ఆయనో అమెరికా ఆవిడో పగలూ రాత్రీ హీటర్ వెలగాలంటారు. ఇంట్లో పెద్దవాళ్ళేమో "దొడ్లో వదిలెయ్యరా, అదే బతుకుద్ది" అంటారు. ఈ మూడూ ఒకదానికొకటి పొసగవు. మూడిట్లోనూ ఎంతో కొంత నిజం ఉంది గానీ, ఏదీ నెల్లూరు, ఒంగోలు ఇళ్ళకి ఉన్నదున్నట్టు సరిపోదు. ఎందుకు సరిపోదో తెలియాలంటే ఆ పిల్ల ఒంట్లో ఏం జరుగుతుందో, మన గదుల్లో గాలి ఎలా ఉంటుందో రెండూ కలిపి చూడాలి.

ముందు తేలాల్సింది: అది ఏ తాబేలు?

ఇక్కడ మాట్లాడుకునేది నేల మీద బతికే తాబేలు పిల్ల గురించి. అక్వేరియం దుకాణాల్లో చెంప మీద ఎర్రచారతో పచ్చగా కనిపించేది రెడ్ ఇయర్డ్ స్లైడర్. అది నీటి జీవి, దానికి ఈత కొట్టేంత నీళ్ళు కావాలి, ఎక్కి కూర్చోడానికి పొడి గట్టు కావాలి. మెట్ట తాబేలుని అదే నీళ్ళలో వదిలితే మునిగి చస్తుంది. దుకాణదారు చెప్పే తొట్టి సలహా చాలాసార్లు ఈ రెండిటినీ కలగలిపేయడం వల్ల వచ్చిందే. ఇక చలికాలం చివర్లో మన తీరానికి గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లే సముద్రపు తాబేలు. దాని పిల్లని ఇంటికి తేవడమన్న ప్రశ్నే లేదు.

మెట్ట తాబేళ్ళలో మన రాష్ట్రపు పొదల భూముల్లో సహజంగా ఉండేది నక్షత్ర తాబేలు. నల్లటి పెంకు మీద పసుపు చారలు నక్షత్రాకారంలో ఉంటాయి. అందంగా ఉండటమే దాని ప్రాణానికొచ్చింది. చెన్నై విమానాశ్రయంలో దొంగతనంగా దాటిస్తూ పట్టుబడే జీవుల్లో ఇది తరచూ ఉంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో సవరణ చేసి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేశారు. దాంతో నక్షత్ర తాబేలు ఆ చట్టంలో అత్యధిక రక్షణ ఉండే మొదటి షెడ్యూల్లోకి చేరింది. దాన్ని పట్టుకున్నా, కొన్నా, ఇంట్లో ఉంచుకున్నా మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా పడొచ్చు. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలోనూ 2019 నుంచి అది అత్యంత కట్టుదిట్టమైన మొదటి అనుబంధంలో ఉంది. తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుందని నమ్మేవాళ్ళు శ్రీకూర్మం గుడిలో ఇవి ఉన్నాయి కదా అని అడుగుతుంటారు. గుడి ఆవరణలో ఉన్నంత మాత్రాన ఇంట్లో పెంచుకునే హక్కు ఎవరికీ రాదు. పొలం గట్టున కనిపించిన పిల్లకి తొట్టి ఎలా కట్టాలన్నది ఈ వ్యాసం చెప్పే విషయం కాదు. దానికి సరైన చోటు ఆ గట్టే.

మిగిలినవి విదేశీ జాతులు. మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యేవి ఆఫ్రికాకు చెందిన సల్కాటా, దక్షిణ అమెరికాకు చెందిన రెడ్ ఫుట్. రెండూ సైటిస్ రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి వాటికీ లెక్క చెప్పాలి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం నోటిఫై చేసిన నియమాల ప్రకారం ఇలాంటి జీవిని ఉంచుకునేవాళ్ళు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటైన పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి. అప్పటికే ఉన్నవాటికి ఆరు నెలల గడువిచ్చారు. ఆ తరవాత చేతికొచ్చినవాటికి 30 రోజులు. కాగితాల్లేకుండా "అంతా లీగలే" అనే దుకాణం మాట మీద నిలబడటానికేమీ లేదు.

ఇక్కణ్ణించి ఉదాహరణలన్నీ సల్కాటా పిల్లతోనే చెబుతాను. ఎక్కువగా దొరికేది అదే, ఎక్కువగా దెబ్బతినేదీ అదే.

వేడి మూల, చల్లని మూల

మన ఒంటి వేడి దాదాపు 37 డిగ్రీల దగ్గర దానంతటదే నిలుస్తుంది. తాబేలుకి ఆ ఏర్పాటు లేదు. ఎండలోకి నడిచి వేడెక్కుతుంది, నీడలోకి నడిచి చల్లబడుతుంది. తిన్నది అరగాలన్నా, జబ్బుని తట్టుకోవాలన్నా ఒంట్లో తగినంత వేడి ఉండాలి. ఎంత వేడి కావాలో దానికే తెలుసు. మనం చేయగలిగిందల్లా ఆ ఎంపికకి వీలుండేలా చోటివ్వడం.

సాధారణంగా చెప్పే కొలతలు ఇవి: బల్బు కింద 32 నుంచి 35 డిగ్రీలు, మధ్యలో 28–30, అవతలి కొసన 25–27, రాత్రి 22కి తగ్గకుండా. అంకెల కన్నా ముఖ్యం అవన్నీ ఒకే సమయంలో ఒకే తొట్టిలో ఉండటం.

రెండు తొట్లు పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటిది రెండడుగుల పొడవు, అడుగు వెడల్పున్న అద్దాల అక్వేరియం. పైన ఓ మూల 60 వాట్ల పాత పసుపు బల్బు. గదిలో 29 డిగ్రీలుంటే అరగంటలో బల్బు కింద 36 అవుతుంది, అవతలి మూల కూడా 33 దాటిపోతుంది. వేడి గాలి అద్దాల మధ్య చిక్కుకుంటుంది, పిల్ల తప్పించుకోడానికి చోటుండదు. పైగా అద్దం అడ్డమని దానికి అర్థం కాదు. గంటల తరబడి గోడని గీకుతూ నడుస్తూనే ఉంటుంది. రెండోది నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న పైకప్పులేని చెక్క తొట్టి. అదే బల్బు ఓ కొసన. దాని కింద 34 ఉన్నప్పుడు అవతలి కొస గది వేడికి దగ్గరగా, ముప్పై లోపే ఉంటుంది. ఒకే బల్బు, ఒకే గది, అయినా రెండో తొట్టిలోని పిల్లకి నడిచే దూరంలో రెండు వాతావరణాలు దొరికాయి. కచ్చితమైన అంకెలు ఇంటింటికీ మారతాయి. రెండు కొసల్లో రెండు చిన్న డిజిటల్ థర్మామీటర్లు పెడితే తేడా కళ్ళకి కనిపిస్తుంది.

ఎల్ఈడీ బల్బు వెలుగే తప్ప చెప్పుకోదగ్గ వేడి ఇవ్వదు. ఇప్పుడు కొట్లలో అవే ఎక్కువ కాబట్టి ఈ సంగతి తెలియక వెలుగు చూసి వేడి ఉందనుకునేవాళ్ళున్నారు.

చలి దేశాల సలహా మన ఎండకి ఎంత పనికొస్తుంది?

ఇంగ్లండులో గది రాత్రి 16 డిగ్రీలకి పడిపోతుంది. అక్కడివాళ్ళు పగలూ రాత్రీ వేడి పెట్టమనడం న్యాయమే. నెల్లూరులో ఏడాదిలో ఎక్కువ రాత్రులు గది లోపల 26 కిందికి దిగదు. రోహిణి కార్తెలో శ్లాబు కింది గది అర్ధరాత్రి కూడా 34 దగ్గరే ఉంటుంది. ఆ గదిలో ఆ సలహా పాటిస్తే తాబేలు పిల్ల ఉడుకుతుంది. చలికి తాబేలు మందగిస్తుంది, కోలుకునే వ్యవధి ఉంటుంది. వేడి ఎక్కువైతే గంటల్లోనే ప్రాణం పోతుంది. బల్బు కింద వెల్లకిలా పడి తిరగబడలేకపోయిన పిల్లకి ఆ వ్యవధి ఇంకా తక్కువ.

అందుకే మన జిల్లాల్లో వేడి ఎలా పెంచాలన్నది డిసెంబరు, జనవరి ప్రశ్న, ఎలా తగ్గించాలన్నది మార్చి చివరి నుంచి జూన్ దాకా ప్రశ్న. కావలి తీరంలో చలికాలపు రాత్రి 20 చుట్టూ ఆగుతుంది. ఉదయగిరి, గిద్దలూరు వైపు కొన్ని రాత్రులు ఇంకా దిగుతుంది. అప్పుడు వెలుగివ్వకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటరు, వేడిని బట్టి దాన్ని దానంతటదే ఆపి మళ్ళీ వెలిగించే థర్మోస్టాటు ఉపయోగపడతాయి. థర్మోస్టాటు లేని హీటరు మన దగ్గర సహాయం కన్నా ప్రమాదమే ఎక్కువని నా అభిప్రాయం. మే నెలలో పగలు బల్బు అవసరమే ఉండకపోవచ్చు. చల్లని కొసన తడిపిన కుండపెంకు కింద ఉండే నీడే అప్పుడు దాని ప్రాణానికి ఆధారం.

ఉక్కపోసే ఊళ్ళో పెంకు ఎందుకు గుట్టలు కడుతుంది?

అన్నిటికన్నా గందరగోళం తేమ దగ్గరే. పెంపకంలో పెరిగిన చాలా తాబేళ్ళకి పెంకు నున్నగా ఉండదు. ఒక్కో పలక పిరమిడ్‌లా పైకి లేచి గుట్టలు గుట్టలుగా కనిపిస్తుంది. చాలాకాలం దీనికి కారణం ప్రొటీన్ ఎక్కువ పెట్టడమే అన్నారు. 2003లో వీజ్నర్, ఇబెన్ అనే పరిశోధకులు సల్కాటా పిల్లల్ని వేర్వేరు తేమల్లో, వేర్వేరు ప్రొటీన్ పాళ్ళతో పెంచి కొలిచారు. ప్రొటీన్ ప్రభావం స్వల్పమే. పొడి గాలిలో పెరిగినవాటికి గుట్టలు ఎత్తుగా వచ్చాయి, 45 నుంచి 99 శాతం తేమలో పెరిగినవాటికి అంత ఎత్తు రాలేదు.

"సల్కాటా ఎడారి అంచు జంతువు కదా, దానికి తేమెందుకు?" అనే వాదన ఇప్పటికీ ఉంది. అది పూర్తిగా తప్పూ కాదు. పెద్ద సల్కాటా పొడి నేలని బాగానే తట్టుకుంటుంది. కానీ అది పగటి ఎండలో నిలబడి బతకదు, నేలని లోతుగా తవ్వి ఆ బొరియలో తలదాచుకుంటుంది. బొరియలో గాలి బయటికన్నా ఎంతో తేమగా ఉంటుంది. పిల్లలు కూడా బొరియల్లో, గడ్డి మొదళ్ళలో దాక్కుంటాయి. ఎడారి అంటే మనకి కనిపించేది పైనుండే ఇసుకే. పిల్ల తాబేలు బతికేది దాని కింద.

"మాది నెల్లూరు, గాలంతా తేమే, ఈ బాధ మాకెందుకు?" అనుకోవచ్చు. నెల్లూరోళ్ళకి ఉక్క గురించి ఒకరు చెప్పాలా! కానీ ఇక్కడో మెలిక ఉంది. తేమ శాతం అంటే గాలి మోయగలిగిన ఆవిరిలో ఎంత మోస్తోందన్న లెక్క. గాలి వేడెక్కేకొద్దీ మోయగలిగేది పెరుగుతుంది. లోపలి ఆవిరి అంతే ఉన్నా శాతం పడిపోతుంది.

లెక్క వేద్దాం. హాల్లో 28 డిగ్రీలు, తేమ 75 శాతం. ఆ గాలే బల్బు కింద 35 డిగ్రీలకి వేడెక్కితే తేమ సుమారు 50 శాతానికి దిగుతుంది. ఫరవాలేదు. ఇప్పుడు అదే తొట్టిని ఏసీ పడగ్గదిలోకి మార్చండి. ఏసీ చల్లబరిచేటప్పుడు గాలిలోని నీటిని పిండి బయటికి పంపుతుంది, ఆ గొట్టంలోంచి కారే నీళ్ళు అవే. గదిలో 25 డిగ్రీలు, తేమ 50 శాతం అనుకుందాం. బల్బు కింద 35కి చేరేసరికి తేమ 28 శాతం. సముద్రానికి పాతిక కిలోమీటర్ల దూరంలోని ఇంట్లో, ఎడారి గాలి! కనిగిరి, పొదిలి వైపు వేసవిలో వడగాలి వీచే రోజుల్లో ఏసీ అక్కర్లేకుండానే దాదాపు ఈ స్థితి వస్తుంది.

దీన్నిబట్టి ఊరిని చూసి తేమని నిర్ణయించలేం, తొట్టి ఉన్న గదిని చూసి నిర్ణయించాలి. తేమ కొలిచే చిన్న మీటరు రెండు మూడు వందల రూపాయల వస్తువు. అది చెప్పేదే ప్రమాణం.

తేమకి ఇంకో పక్క కూడా ఉంది. తేమ, చలి కలిస్తే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. ముక్కులోంచి బుడగలు, నోరు తెరిచి ఊపిరి పీల్చడం దాని గుర్తులు. అడుగున ఎప్పుడూ తడి అంటుకుని ఉంటే పొట్టవైపు పెంకు కుళ్ళుతుంది. వెచ్చగా, తేమగా ఉంటే మంచిదే. ముసురు పట్టిన నవంబరు రాత్రి చల్లగా, తడిగా ఉండటమే ప్రమాదం. అలాంటి రోజుల్లో నీళ్ళు చిలకరించడం ఆపి, వేడి సంగతి చూసుకోవడం పెంపకందార్లు సాధారణంగా పాటించే పద్ధతి.

కిటికీలోంచి వచ్చే ఎండ ఎందుకు చాలదు?

తాబేలు పిల్ల పెంకు అంటే పెరుగుతున్న ఎముకే. ఎముకకి కాల్షియం కావాలి, తిన్న కాల్షియం ఒంటబట్టాలంటే విటమిన్ డీ3 కావాలి. సూర్యరశ్మిలోని యూవీబీ అనే కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు చర్మం మీద పడితే ఆ విటమిన్ తయారీ మొదలవుతుంది, ఒంటి వేడితో పూర్తవుతుంది. అందుకే యూవీబీ దీపమూ వేడి బల్బూ ఒకే కొసన ఉండాలంటారు. ఇది అందకపోతే పెంకు మెత్తబడుతుంది, కాళ్ళు వంకరపోతాయి.

మామూలు కిటికీ అద్దం వెలుగుని రానిస్తుంది, వేడిని రానిస్తుంది, యూవీబీని మాత్రం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. కిటికీ పక్కన ఎండపొడలో పెట్టిన తొట్టిలో పిల్లకి వేడి తప్ప ఏమీ అందదు.

ఇక్కడ రెండు వర్గాలున్నాయి. ఒకరు గొట్టం ఆకారపు టీ5 యూవీబీ దీపమే నమ్మకమంటారు. రోజూ ఒకేలా అందుతుంది, వానాకాలం అడ్డురాదు. కానీ ఖరీదెక్కువ. పైకి వెలుగుతూనే ఉన్నా ఏడాది తిరిగేసరికి లోపలి యూవీబీ తగ్గిపోతుంది, మార్చాలి. చవగ్గా దొరికే చుట్టల బల్బుల్లో అసలు యూవీబీ ఎంతుందో మీటరు లేకుండా తెలియదు. రెండో వర్గం, ఏడాదిలో ఎక్కువ భాగం ఎండ కాసే ఊళ్ళో దీపం కొనడమేమిటి, పొద్దున మిద్దె మీద అరగంట చాలంటుంది. అసలు ఎండకి సాటివచ్చే దీపం లేదన్నది నిజం. ఎండలో తయారయ్యే విటమిన్ మోతాదు మించదు కూడా, ఒళ్ళే దాన్ని అదుపు చేసుకుంటుంది. నోట్లో వేసే డీ3 చుక్కల మందుకి ఆ అదుపు లేదు. అయితే మిద్దె మీద కాకులుంటాయి, పిల్లులుంటాయి. సగం నీడ లేని ప్లాస్టిక్ టబ్బులో తొమ్మిది దాటిన వేసవి ఎండ ప్రాణం తీస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసుర్లలో వారం పాటు సూర్యుడు కనపడకపోవచ్చు. ఇంట్లో పొద్దుటిపూట కాపలా కాసే మనిషి ఉంటే ఎండ మెరుగు, అపార్టుమెంటులో అందరూ ఉద్యోగాలకి పోయే ఇంట్లో దీపం మెరుగు. కొందరు రెండూ కలుపుతారు.

పైకప్పు ఉండాలా, అడుగున ఏం పరవాలి?

పై లెక్కలు చూశాక ఈ ప్రశ్న సగం తేలిపోయినట్టే. పైన తెరిచిన తొట్టిలో గాలి ఆడుతుంది, తేమ నిలవదు. మూసిన పెట్టెలో తేమ నిలుస్తుంది, వేడి కూడా చిక్కుకుంటుంది. నెల్లూరులో ఏసీ లేని హాలుకి తెరిచిన తొట్టే సరిపోతుంది, చల్లని కొసని మాత్రం ఓ పలకతో సగం కప్పితే అక్కడ తేమ ఆగుతుంది. ఏసీ గదికీ, కనిగిరి వేసవికీ మూత ఉన్న పెట్టె నయం, గాలి రంధ్రాలు, థర్మోస్టాటు ఉంటేనే. వెల్లకిలా పడుకోబెట్టిన పాత చెక్క పుస్తకాల అలమారా అరలు తీసేస్తే మంచి తొట్టవుతుంది.

అడుగున ఇసుక ఒక్కటే పరిస్తే తిండితోపాటు మింగి పేగులు అడ్డుపడొచ్చు. న్యూస్‌పేపరు మీద కాళ్ళు జారతాయి. రంపపు పొట్టు, ఊక దుమ్ము రేపుతాయి, తేమని నిలపవు. మన దగ్గర కొదవలేని కొబ్బరి పొట్టు ఈ పనికి బాగా పనికొస్తుంది. ఎరువు, పురుగుమందు తగలని మట్టితో కలిపి మూడు నాలుగంగుళాల మందాన పరిచి, అడుగున తడి, పైన పొడి ఉండేలా ఓ మూలనుంచి నీళ్ళు పోస్తే ఆ పొర నెమ్మదిగా ఆవిరిని వదులుతుంది. సగానికి పగిలిన కుండ బోర్లిస్తే అదే దాని బొరియ. నీళ్ళకి పూలకుండీల కింద పెట్టే లోతులేని మట్టి పళ్ళెం చాలు, పిల్ల గడ్డం దాటి నీళ్ళుండకూడదు. పిల్లది చిన్న ఒళ్ళు కాబట్టి ఒంట్లో నీళ్ళు త్వరగా ఎండిపోతాయి. రోజూ కాసేపు గోరువెచ్చని లోతులేని నీళ్ళలో ఉంచే అలవాటు అందుకే వచ్చింది.

చీమలు, కరెంటు కోతలు, పిల్లల చేతులు

విదేశీ వీడియోల్లో చీమల ప్రస్తావన ఉండదు. ఇక్కడ మందార ఆకు, నాగజెముడు ముక్క తొట్టిలో వేసిన గంటకే ఎర్రచీమల బారు మొదలవుతుంది. అవి పిల్ల కళ్ళమీద, తోక మొదట్లో కుడతాయి. మందు చల్లితే అది పిల్లకే విషం. వెనకటికి పాల అలమారా కాళ్ళకింద నీళ్ళ గిన్నెలు పెట్టిన ఉపాయమే దీనికీ సరిగ్గా సరిపోతుంది. ఎలుకల మూలంగా తొట్టి మీద రాత్రిపూట వల కావాలి.

కరెంటు లెక్క పెద్దదేం కాదు. 60 వాట్ల బల్బు పది గంటలు, 24 వాట్ల యూవీబీ దీపం పన్నెండు గంటలు వెలిగితే రోజుకి 0.9 యూనిట్, నెలకి సుమారు 27 యూనిట్లు. 2023 డిసెంబరులో మిచౌంగ్ లాంటి తుఫాను వచ్చి కరెంటు పోయినప్పుడు బల్బు లేకపోవడం ఒక్కటే పిల్లని చంపదు. అది మందగించి మట్టిలో దూరుతుంది. చల్లబడిన ఒంటికి అరుగుదల ఉండదు కాబట్టి ఆ రోజుల్లో తిండి పెట్టడం మేలు చేయదు.

తాబేళ్ళ ఒంటిమీద సాల్మొనెల్లా బాక్టీరియా జబ్బు లక్షణమేమీ లేకుండానే ఉండొచ్చు. నాలుగంగుళాల లోపు తాబేళ్ళని పిల్లలు నోటిదాకా తెచ్చుకుంటున్నారని అమెరికాలో 1975లో వాటి అమ్మకాన్నే నిషేధించారు. తొట్టి నీళ్ళు వంటింటి సింకులో పారబోయకూడదనేదీ ఈ బాక్టీరియా వల్లే.

ఈ తొట్టి ఎన్నాళ్ళు సరిపోతుంది?

పుట్టిన సల్కాటా పిల్ల సుమారు ఐదు సెంటీమీటర్లు. నాలుగడుగుల తొట్టి, అంటే 120 సెంటీమీటర్లు, దాని ఒంటి పొడవుకి 24 రెట్లు. బాగా మేసిన పిల్ల రెండు మూడేళ్ళలో 20 సెంటీమీటర్లు అయిందనుకుంటే అదే తొట్టి ఆరు రెట్లకి కుదించుకుపోతుంది. వేడి మూలకీ చల్లని మూలకీ మధ్య దూరం నాలుగడుగులు వేస్తే అయిపోతుంది. పెద్ద మగది 45 కిలోలు దాటొచ్చు, గోడ పునాదుల కింద తవ్వుతుంది, యాభై ఏళ్ళకి పైగా బతుకుతుంది. రెడ్ ఫుట్ సాధారణంగా 30–35 సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది కాబట్టి దాని లెక్క వేరు.

పెద్దవాళ్ళు చెప్పిన దొడ్డి సలహా నిజంగా పనికొచ్చేది ఈ దశలోనే. ప్రహరీ, నీడ, మేయడానికి గరిక ఉన్న పెరడుంటే మన వాతావరణంలో సల్కాటాకి ఏడాదిలో ఎక్కువ భాగం బయటే బాగుంటుంది. పెరడు లేని ఇంట్లో తొట్టి కట్టే ముందే ఆ మూడో ఏటి సంగతి ఆలోచించుకోవాల్సి వస్తుంది. విదేశీ జీవిని పెన్నా గట్టునో చెరువు కట్ట మీదో వదిలెయ్యడం కుదరదు. వేరేవాళ్ళకి ఇస్తే ఆ మార్పు కూడా పరివేష్‌లో నమోదవ్వాలి.